శుక్రవారం బిగిసే తలుపు

"కోడలు ఇరుక్కున్యాదీ!" అని మగ్గాల వీధి మొదట్లో కేక వేసినవాడు సరిగ్గానే వేశాడు. ఆ కేక వీధి చివర రామమ్మ చెవిన పడేసరికి "కోడలు ఉరికిన్యాదీ!" అయి కూర్చుంది. మధ్యలో మగ్గాల టకటకలున్నాయి, మూడు రోజులుగా వదలని ముసురుంది, అన్నిటికీ మించి కోడలి మీద రామమ్మకు ముందునుంచీ ఉన్న అభిప్రాయముంది. చెవి వినాల్సింది వింటుంది గానీ, మనసు వినాలనుకున్నది ముందు వింటుంది.

రామమ్మ చేటలో జొన్నలు చేటలోనే వదిలేసి, నెత్తిన గోనెపట్టా వేసుకొని బయల్దేరింది. కట్టుకున్నది ముదురాకుపచ్చ నేతచీర, ఎర్రంచు. కొంగు చివర వేరే గుడ్డ అతుకు. ఎలుక కొరికిందని ఆమె వీధిలో అందరికీ చెప్పింది. అడిగినవాళ్లకూ చెప్పింది, అడగనివాళ్లకూ చెప్పింది.

ఆమె వెనక ఎమ్మిగనూరు మగ్గాల వీధి సగం కదిలింది.

"యాడికి ఉరికిన్యాది?"

"ఆదోనికే పోయింటాది. రైలు ఆడనే గదా."

"ఒంటిగానా?"

"ఒంటిగా ఎవురు ఉరుకుతారమ్మా, సోద్యం కాకపోతే!"

ఉరకని కోడలి కోసం ఊరు ఉరికింది. తీరా వీధి మొదట్లో నిలిచిన లారీ దగ్గరికి చేరేసరికి, ఉరికిందన్న కోడలి గొంతు ఆ లారీ కడుపులోనుంచే ఖంగుమంది.

"ఎవురూ తలుపు మింద దెబ్బ ఎయ్యొద్దండి! పగలగొడ్తిరా, నా మింద ఒట్టే!"

పోయినవారం మనం లింగమ్మను సరిగ్గా ఇక్కడే, ఈ మూసుకున్న తలుపు వెనకే వదిలి వెళ్లాం. మనకు వారం గడిచింది గానీ ఆమె పొయ్యి మీద ఎసరు ఇంకా కాగనైనా కాగలేదు. ఇవాళే బండి ఎక్కినవాళ్లు ఉంటే ఒక్కమాట చెప్పి కదులుతాను. లింగమ్మ మొగుడు దుర్గప్ప ఆయిలింజన్ల మెకానిక్కు. కోసిగిలోనో, సి.బెళగల్లోనో, గూడూరులోనో బావి మీద ఇంజను మొండికేసిందంటే అతను పోవాలి, పోతే వారాలకు గాని రాడు. ఇక్కడ ఎమ్మిగనూరులో అత్త రామమ్మ, బావ సుంకప్ప, తోటికోడళ్లు, వాళ్ల పిల్లలు నిండిన ఇంట్లో లింగమ్మ ఒక్కతే అతిథిలా మిగిలేది. "నీ కాపురం నాతోనా, ఇంజన్లతోనా?" అని ఒకనాడు నిలదీసింది. దుర్గప్ప బాగా ఆలోచించి, ఇద్దరితోనూ అన్నాడు. యుద్ధంలో తిరిగి తిరిగి అలిసిన ఒక మిలిటరీ లారీని తెచ్చి, ఆదోని వడ్రంగి అబ్రహాం చేత దాని చట్రం మీద ఇల్లు కట్టించాడు. కర్నూలు కొత్త రాష్ట్రానికి రాజధానై, సర్కారే అక్కడ డేరాల్లో కాపురం పెట్టిన రోజులు. దుర్గప్ప లారీలో పెడితే తప్పేముంది?

ముందు సగంలో పనిముట్లు. వెనక సగంలో పొయ్యి, మంచం, ఉట్టి. వెనకనుంచి ఎక్కడానికి మూడు ఇనప మెట్లు. మెట్లు ఎక్కితే అచ్చంగా ఇంటి వాకిలే, టేకు ద్వారబంధం, పసుపు గడప, లోపలికి తెరుచుకునే ఒంటిరెక్క తలుపు. బండి తలుపు బయటికి తెరుచుకోవాలని దుర్గప్ప వాదించాడు. "వచ్చినోళ్లను మెట్ల మిందనుంచి నూకే తలుపు ఇంటికి పెడ్తారా యాడన్నా?" అన్నది లింగమ్మ. లింగమ్మే గెలిచింది.

గెలిచింది గానీ ఆ తలుపే ఆమెను గెలవనివ్వలేదు. కోసిగిలో ఒక శుక్రవారం బిగుసుకుంది. సి.బెళగల్లో ఇంకో శుక్రవారం బిగుసుకుంది. మధ్యలో గూడూరులో ఒక మంగళవారం కూడా. అబ్రహాం వచ్చి చిత్రిక పట్టాడు. పట్టినకొద్దీ చిత్రమే తప్ప ఫలితం లేదు. మడతబందులు మార్చాడు. తలుపుకు ఉన్నవి రెండే బందులు గనక మార్చగలిగాడు, దుర్గప్పకు ఊరినిండా బంధువులు, వాళ్లను మార్చడం ఎవరి తరం? గాలి సోకిందన్నారు. దిష్టి అన్నారు. "గడప కింద నేల ఉండల్ల. దీని గడప కింద గాలి ఉండాది. గాలి మింద కాపురం నిలుస్తాదా?" అన్నది రామమ్మ. అని ఊరుకోక, ఆ చక్రాల ఇంటి గడప తన కాలు దాటదని నలుగురి ముందు ఒట్టేసింది. దుర్గప్ప కూడా తల్లికి మాటిచ్చాడు. ఇంకొక్కసారి తలుపు బిగుసుకొని దాన్ని పగలగొట్టాల్సి వస్తే, లారీ అమ్మేసి పెళ్లాంతో పాత ఇంటికి వచ్చేస్తానన్నాడు.

ఇవాళ శుక్రవారం. గొళ్లెం తీసే ఉంది. తలుపు మాత్రం రావడం లేదు. లోపల లింగమ్మ, బయట అత్త, నడుమ ఆమె ఇల్లు ఉంటుందా ఊడుతుందా అని తేల్చే ఒక టేకు పలక.

"ఏమే లింగీ, నువ్వు లోపలే ఉండావా?" అన్నది రామమ్మ, ఒగరుస్తూ.

"ఉండాను అత్తా."

"ఉరకలేదా?"

"ఉరికేదానికి తలుపు రావల్ల గదత్తా?"

జనం గొల్లుమన్నారు. కొంచెం నిరాశపడ్డారు కూడా. ఉరికిన కోడలి కథ విందామని వచ్చినవాళ్లకు ఇరుక్కున్న కోడలు ఏ మూలకు సరిపోతుంది? అయినా వానలో ఇంతదూరం వచ్చాం గదా అని ఎవరూ కదల్లేదు.

రామమ్మకు ఊపిరి కుదురుకుంది. ఊపిరితో పాటు గొంతూ వచ్చింది. "శుక్రవారం పొద్దు ఆడమనిషిని లోపలేసి మూసే ఇల్లు ఇల్లంటారా, బోనంటారా? ఏమిరా దుర్గా, నా చేతిలో ఏసిన మాట జ్ఞాపకముండాదా?"

"ఉండాదిమ్మా," అన్నాడు దుర్గప్ప. పెద్ద పెద్ద ఇంజన్లను అదిలించే ఆ మనిషి తల్లి ముందు నూనె అయిపోయిన ఇంజనులా దగ్గుతాడు. ఎవరో గడ్డపార తెచ్చి చేతిలో పెట్టారు. పట్టుకున్నాడు గానీ ఎత్తలేదు.

"ఎత్తద్దు దుర్గన్నా," అంటూ అబ్రహాం అడ్డుపడ్డాడు. తలుపును మళ్లీ సరిచేయడానికే ఆదోనినుంచి లారీలో వాళ్లతో వచ్చాడతను. "టేకు అది. పగిలితే మళ్లా అతకదు. ఒక్క నిమిషం సూడనీ."

"నేనూ ఒక్క నిమిషం చూస్తాను," అంటూ గొడుగు మడిచి ముందుకు వచ్చారు సేతుమాధవరావు అయ్యవారు. బళ్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఎదురింటి అరుగు మీదనుంచి పొద్దుటినుంచీ ఈ తలుపును లెక్కలా చూస్తున్నారు. "బండి ఒకవైపు ఒరిగితే పైన చట్రం మెలిపడుతుంది. చట్రం మెలిపడితే తలుపు బిగుస్తుంది. రసమట్టం ఉందా ఎవరి దగ్గరైనా? లేదా? అయితే లోటా నిండా నీళ్లు తెండి."

నీళ్లు వచ్చాయి. అయ్యవారు లోటాను ఇనప మెట్టు మీద పెట్టి, నీళ్ల అంచు ఎటు ఒరుగుతుందో చూడడానికి కళ్లద్దాలు తుడుచుకున్నారు. తుడుచుకొని చూసేసరికి లోటా ఖాళీ. గొంతెండిపోయిన దుర్గప్ప ఏ ధ్యాసలో ఉన్నాడో ఏమో, ఎత్తి గటగటా తాగేశాడు.

"ఏమయ్యా! మట్టం తాగేశావే!"

"దప్పికైనాది సామీ," అన్నాడు దుర్గప్ప దీనంగా.

లోపల లింగమ్మ నవ్వుకుంది. నవ్వుతూనే తలుపు అంచుల వెంబడి చూపు పోనిచ్చింది. ఆమెకు భయం ఎంత ఉందో కుతూహలం అంతకన్నా కొంచెం ఎక్కువే ఉంది. నెలలుగా మొగుడి పక్కన కూర్చొని పానాలు అందిస్తూ ఒక సంగతి పట్టుకుంది. ఇంజను మొరాయిస్తే దుర్గప్ప ముందు దాన్ని కొట్టడు, తిట్టడు. ఎక్కడ పట్టేసిందో వెతుకుతాడు. బయట అందరూ ఎందుకు పట్టేసిందో వాదిస్తున్నారు. ఎక్కడ పట్టేసిందో చూసినవాళ్లు లేరు.

చీపురులోంచి ఒక పుల్ల లాగింది. తలుపుకూ పై కమ్మికీ మధ్య దూర్చింది. పుల్ల పోయింది, వచ్చింది. పక్కల దూర్చింది. పోయింది, వచ్చింది. కింద ఒక మూల పోయింది. రెండో మూలా పోయింది. మధ్యకు జరిపేసరికి పుల్ల టుక్కున ఆగింది. ఇంకొంచెం నెడితే విరిగింది.

"ఓహో," అనుకుంది లింగమ్మ.

పెద్ద పానా తెచ్చి గడప మీద పొడవునా పడుకోబెట్టింది. చదునుగా ఉన్న గడప మీద అయితే పానా కదలకుండా పడుకోవాలి. ఇది అటొకసారి ఇటొకసారి ఊగింది, పిల్లలు ఎక్కి ఆడుకునే పలకలా. రెండు చివర్లా బోల్టులు గడపను పట్టుకొని ఉన్నాయి. నడుమ మాత్రం గడప నిండు చూలాలి పొట్టలా పైకి లేచి తలుపును అదిమిపట్టింది.

"అబ్రహామన్నా! నీ తలుపు తప్పేమీ ల్యా. గడప నడుమ ఉబ్బినాది!"

బయటనుంచి జవాబు రాలేదు. అబ్రహాం ఎంత వాగుడుకాయ కాకపోయినా, చెక్క మాట ఎత్తితే ఊరుకునే మనిషి కాడు. చివరికి నీళ్లు నమిలాడు. "గడప జోలికి పోవద్దులేమ్మా. బందులు లోపలి పక్కనే ఉండాయి గదా, అవి విప్పు. తలుపును నేను ఈడనుంచి పట్టుకుంటా."

"మరి గడప ఎందుకు ఉబ్బినాదన్నా?"

"ముసురు గదమ్మా."

"చేవ తేలిన కర్ర, ఏనుగు తొక్కినా కదల్దని ఆదోనిలో నువ్వే సెప్తివి. ముసురుకే ఉబ్బుతాదా?"

ఇక్కడ అడగని గొంతు ఒకటి అడ్డం వచ్చింది. "గడపను ముట్టొద్దే లింగీ! శుక్రవారం పొద్దు గడప కదిలిస్తారా ఎవురన్నా? తలుపు పగిల్తే పగల్నీ. గడప మింద సెయ్యెయ్యద్దు!"

లింగమ్మ చెవి నిక్కింది. ఈ ఇల్లు ఇల్లే కాదన్న అత్తకు ఈ గడప మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టింది? చెక్క పేరు చెబితే నోరు మూతపడని వడ్రంగికి ఇవాళ మూత ఎవరు పెట్టారు? ఒకరు మాట్లాడాల్సిన చోట మాట్లాడలేదు, ఒకరు మాట్లాడక్కర్లేని చోట మాట్లాడారు. ఇద్దరి ధ్యాసా గడప మీదే. తలుపు గురించి మొదలైన తలపు ఇప్పుడు గడప చుట్టూ తిరిగింది.

గడప దగ్గర చతికిలబడి వెనక్కి లెక్కవేసుకుంది. కోసిగిలో శుక్రవారం, సి.బెళగల్లో శుక్రవారం. శుక్రవారానికి తలుపు మీద పగ ఏముంటుంది? గూడూరులో మంగళవారం కదా? ఆ మంగళవారం అమావాస్య. అమావాస్యనాడూ, శుక్రవారంనాడూ తను చేసేది ఒక్కటే. చెంబుతో నీళ్లు పోసి గడప కడిగి, పసుపు రాసి, బొట్లు పెడుతుంది. నేల మీది ఇంట్లో ఆ నీళ్లు వాకిట్లోకి పోతాయి. ఇక్కడ ఎక్కడికి పోతున్నాయి?

వేలితో గడప లోపలి అంచు తడిమింది. అక్కడ ఒక సన్నటి పట్టీ. దాని వెనక గడప కింద గుల్ల. గుల్ల పెట్టించింది తనే. గడప ఎత్తిన రోజు, ఇల్లన్నాక గడప కింద నవధాన్యాలు ఉండాలి గదా అని ఆ గుల్లలో గింజలు వేసింది. నేల లేదు గనక గుల్ల. గుంట తీయడానికి లారీకి భూమి ఎక్కడిది? కానీ వేసింది చిటికెడు. చిటికెడు గింజలు తడిసి ఉబ్బితే మాత్రం ఇంత గడపను వంచుతాయా?

పట్టీ సందులో ఏదో తెల్లగా కనబడింది. ముందు పురుగనుకుంది. వంగి చూసింది. పురుగు కాదు. మొలక.

"ఏమయ్యో, వినబడ్తాందా?" అని మొగుణ్ణి కేకేసింది.

"ఆఁ!"

"ఈ ఇంట్లో డ్రైవర్లు ఇద్దరుండారు. ఒకరు నువ్వు. ఇంకొకటి ఇస్కూరు డ్రైవరు. నా మాట వినే డ్రైవరును తీస్తాండాను. గడ్డపార కింద పెట్టు."

"వద్దే!" అన్నది రామమ్మ.

"పోనీలే పెద్దమ్మా, ఇంక దాగదులే," అని అబ్రహాం గొణిగాడు. అది గొణుగుడే గానీ, లోపలున్న లింగమ్మకు స్పష్టంగా వినబడింది.

స్క్రూలు ముసురుకు తుప్పు పట్టి, తిరగడానికి నానా కూతలూ కూశాయి. చివరి స్క్రూ వదిలీ వదలకముందే పట్టీ తనంతట తనే ఎగిరి లింగమ్మ మోకాలికి తగిలింది. దాని వెనకనుంచి గింజలు బొలబొలా దొర్లి ఒళ్లో పడ్డాయి. శనగలు, పెసలు, అలసందలు, ఉలవలు. ఒక్కొక్కటీ రెండింతలు ఉబ్బి, తెల్లటి తోకలు వేసుకొని, పసుపు నీళ్లలో స్నానం చేసి వచ్చినట్టున్నాయి. చిటికెడు కాదు, రెండు దోసిళ్లు తీసినా ఇంకా వస్తున్నాయి. గుల్ల అడుగున ఇంకేదో మెత్తగా తగిలింది. పట్టుకొని లాగింది. నిండుగా కట్టిన గుడ్డమూట ఒకటి, బిగువు ఆగక పిగిలిపోయి, చీలికల్లోంచి శనగమొలకలు తలలు బయటపెట్టి వచ్చింది.

ఆ క్షణాన గడప టప్పుమని కిందికి దిగింది. నెలలుగా మొండికేసిన తలుపు ఎవరూ పట్టకుండానే లోపలికి వచ్చి, లింగమ్మ భుజాన్ని మెల్లగా తట్టింది.

ముసురు వెలుగు లోపల పడింది. వాకిలి నిండా ముఖాలు. లింగమ్మ ఒళ్లో మొలకలు, చేతిలో మూట.

"గాలి సోకలేదప్పా," అన్నది అందరితోనూ. "నీళ్లు సోకినాయి. శుక్రవారం శుక్రవారం గడప మింద నేను పోసిన నీళ్లన్నీ ఈ గింజలు తాగినాయి. తాగి లావైనాయి. నేలింట్లో ఐతే మట్టి కిందనో బండ కిందనో మొలిచి ఆడనే ఉంటాయి. ఇది సెక్క గదా, వాటికి సోటు ల్యా. పైకి నూకినాయి. ఎండ తగిల్తే ఎండి ముడుచుకుంటాయి, తలుపు వస్తాది. శుక్రవారం వస్తే మళ్లా దప్పిక తీరుతాది, తలుపు రాదు. ఈసారి ముసురుకు ఆరకుండా మొలకలే ఏసినాయి."

"తేమే కారణం! నేననుకున్నాను!" అన్నారు సేతుమాధవరావు అయ్యవారు. అనుకున్నట్టు ఎవరికీ చెప్పి ఉండలేదు గానీ, ఆ ముఖంలో ఆనందం చూసి ఎవరూ కాదనలేదు. ఒక మొలక తీసుకొని కళ్లద్దాల దగ్గర పెట్టుకొని, "మొలిచే గింజకు బండను పగలగొట్టే బలముంటుంది. గడప ఎంత?" అన్నారు.

"అదంతా సరే," అన్నాడు దుర్గప్ప. గడ్డపార ఎప్పుడో చేజారిపోయింది. "నువ్వు ఏసింది చిటికెడంటివి గదా. ఇన్ని గింజలు యాడివి?"

లింగమ్మ మూటగుడ్డను రెండు చేతులా విప్పి పట్టుకుంది. పసుపునీళ్లకు మరకలు పడినా రంగు దాగలేదు. ముదురాకుపచ్చ. ఎర్రంచు. మూలగా చింపిన గుడ్డ.

వీధి వీధంతా ఆ గుడ్డను చూసింది. తర్వాత ఒకే తలకాయలా తిరిగి రామమ్మ కొంగును చూసింది. రామమ్మ కొంగు లాక్కొని వీపు వెనక దాచుకుంది. మగ్గాల వీధిలో, తమ చేతి నేత గుర్తుపట్టేవాళ్ల నడుమ, గుడ్డను దాచుకోవడం అంటే తుమ్మును దాచుకోవడమే.

"ఆ ఎలుక," అన్నది ఒక ముసలామె, "ఆదోని దాకా పోయినాది సూడు!"

నవ్వు లేచింది. లింగమ్మ మాత్రం నవ్వలేదు. "అత్తా, నువ్వేనా?"

"నేను గాకుంటే ఎవురే?" రామమ్మ గొంతు మొదట కోపంగానే లేచింది, మధ్యలో దారి తప్పింది. "గడప ఎత్తేనాడు నన్ను పిలిస్తే నేను రానంటి. రానని నలుగురిలో అనేసినాక ఎట్ల వస్తాను? ముందునాడు ఆదోనిలో అవ్వ గుడికని సెప్పి వచ్చినా. షెడ్డు కాడ ఈ అబ్రహాంను అడిగితే, కోడలు గింజలు తెచ్చిపెట్టుకున్నాదన్నాడు. సూస్తే చిటికెడు! చిటికెడు గింజలతో కాపురం నిండుతాదా? నా కొడుకు ఇంటి గడప కింద మా శేని గింజ ల్యాకుండా ఎట్లుంటాది? కొంగు సింపి, ఇంటినుంచి తెచ్చినవన్నీ మూటగట్టి ఇచ్చినా."

"కొంచెమే అనుకున్నానమ్మా," అన్నాడు అబ్రహాం లింగమ్మతో, తన కాళ్ల వైపు చూస్తూ. "కింద పెట్టి, పైన నీ గింజలు పోసినా. ఎవురికీ సెప్పనని నా దేవుని మింద ఒట్టు పెట్టిచ్చుకున్నాది. తలుపు ఎందుకు బిగుస్తాందో నాకూ తెల్దు. గడప ఉబ్బినాదని ఇప్పుడు నువ్వంటివి సూడు, అప్పుడు గుండె జారినాది."

లింగమ్మ ఆ మూటను మళ్లీ చూసింది. ఇల్లు నిలవకూడదని అత్త కోరుకుంటున్నదనుకుని ఇన్ని శుక్రవారాలు ఏడ్చింది. తలుపును పట్టుకున్న చెయ్యి అత్తదే, నిజమే. కానీ అది మూయడానికి పెట్టిన చెయ్యి కాదు.

"కొంచెం గాదత్తా," అన్నది. "ఊరందరికీ గుగ్గిళ్లు పెట్టేటన్ని ఏసినావు."

"మరి నీ సెయ్యి సిన్నది. ఎవురో ఒకరు పెట్టల్ల గదా!"

దుర్గప్ప ధైర్యం చేశాడు. "అమ్మా, మరి నేనిచ్చిన మాట?"

"తలుపు పగిలిందా?"

"ల్యా."

"మరి మాటెందుకురా పగులుతాది? తిక్కోడా! లారీ అమ్మొద్దు."

లింగమ్మ రెండు చేతులతో ద్వారబంధం పట్టుకుంది. తన ఇంటిని మొదటిసారి తన ఇల్లుగా తాకినట్టు పట్టుకుంది. తర్వాత వాకిట్లోకి వంగి, "రా అత్తా, లోపలికి రా. ఎసరు కాగినాది," అన్నది.

రామమ్మ మెట్ల దాకా వచ్చి ఆగింది. ముఖం మళ్లీ బిగుసుకుంది. తలుపు వదిలింది గానీ ఒట్టు వదల్లేదు. "ఎట్ల వచ్చేదే? ఈ గడప నా కాలు దాటదని నలుగురిలో అంటి గదా."

ఆ నలుగురూ అక్కడే ఉన్నారు. ఔనన్నట్టు తలలూపారు. ఇలాంటివి ఊరికి బాగా జ్ఞాపకముంటాయి.

లింగమ్మ అబ్రహాం వైపు చూసింది. "అన్నా, ఈ గుల్ల తుడిసి ఆరబెట్టల్ల గదా? గడప విప్పకుండా ఎట్ల తుడుస్తావు?"

అబ్రహాం ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత అతని పెదవి చివర కదిలింది. పానా అందుకొని రెండు బోల్టులూ విప్పాడు. గడపను ఎత్తి, తీసుకెళ్లి అయ్యవారి అరుగు మీద పడుకోబెట్టాడు.

"గడప యాడుండాదత్తా?" అన్నది లింగమ్మ.

రామమ్మ వాకిలి చూసింది. అరుగు చూసింది. వాకిట్లో దాటడానికి గడప లేదు, లోపల గడపడానికి ఇల్లుంది. "నీ తెలివి తెల్లారిపోనూ!" అంటూ కొంగు దోపుకొని మూడు మెట్లూ ఎక్కేసింది.

ఎక్కిన మనిషి కుదురుగా కూర్చుంటుందా? ఉట్టి ఊపి చూసింది. మంచం నొక్కి చూసింది. డబ్బాల మూతలు తీసి ముక్కు పెట్టి వాసన చూసింది. "మిరప్పొడి ఆడబెడ్తే చెమ్మ తగల్దా?" అన్నది. "ఇంత కిటికీ ఎందుకే, కుక్కలు చూసేదానికా?" అన్నది. పొయ్యి ముందు పీట వేసుకొని, కోడలు కడిగిన బియ్యాన్ని మళ్లీ కడిగింది. మళ్లీ కడగడం చూసి లింగమ్మకు కోపం రావాలి. రాలేదు.

మెల్లగా మెట్లు దిగింది. అరుగు దగ్గర అబ్రహాం గుల్ల తుడిచిన గుడ్డ పిండుతున్నాడు. గుల్లకు అడుగున రెండు చిన్న బెజ్జాలు తొలిచాడు, ఇకమీదట ఎన్ని చెంబులు పోసినా నీళ్లు రోడ్డు మీదికి పోయేలాగా.

"గడప ఆరినాక సాయంత్రం బిగిస్తానమ్మా."

"ఇప్పుడే బిగించన్నా."

"పెద్దమ్మ లోపలుండాది గదా?"

"అందుకే."

అబ్రహాం ఆమె ముఖంలోకి చూశాడు. గడప పెట్టాక, దాన్ని దాటకుండా ఆ ఇంట్లోంచి బయటికి రావడానికి దారి లేదు. దాటనని ఒట్టేసిన మనిషి లోపల బియ్యం కడుగుతోంది.  లింగమ్మ నట్లు రెండూ అతని అరచేతిలో పెట్టింది. దుర్గప్ప ఈ సంగతేమీ ఎరగడు. కోసిగిలో ఇంజను ఎదురుచూస్తోందని ముందుకు వెళ్లి లారీ హ్యాండిలు తిప్పాడు. లారీ రెండు దగ్గులు దగ్గి అందుకుంది. ఆ మోతలో పానా చప్పుడు కలిసిపోయింది.

"లింగీ! ఏందే ఆ సప్పుడు?" అంటూ రామమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చింది. బయటికి అడుగువేయబోయి ఒక కాలు ఎత్తింది. అప్పుడు కిందికి చూసింది.

కింద పచ్చటి పసుపుతో గడప.

సరిగ్గా అప్పుడే వీధి చివరనుంచి పెద్దకొడుకు సుంకప్ప, గొడుగు ఒకవైపు తానొకవైపుగా పరుగెత్తి వచ్చాడు. "యాడికి ఉరికిన్యాదప్పా మాయమ్మ? ఎవురో కేకేసిరి, మీయమ్మ లారీలో ఉరికిన్యాదని!"

మగ్గాల వీధి పొద్దుటినుంచీ మోస్తున్న గందరగోళాన్ని ఒక్కసారిగా దించేసుకుంది. ఆడా మగా ఒక్క గొంతుతో విడమరిచి చెప్పారు. "ఉరకలేదప్పా! పొద్దున కోడలూ ఉరకలేదు, ఇప్పుడు అత్తా ఉరకలేదు. పొద్దున ఆమె ఇరుక్కున్యాది. ఇప్పుడు ఈమె ఇరుక్కున్యాది!"

సుంకప్ప తలెత్తి తల్లిని చూశాడు. లారీ వణుకుతోంది. లింగమ్మ మెట్ల కింద నిలబడి, అత్తకు అందేలా చెయ్యి చాపింది. రామమ్మ ఆ చేతిని చూసింది, గడపను చూసింది, వెనక పొయ్యి మీద కుతకుతలాడుతున్న ఎసరును చూసింది. ఎత్తిన కాలు అటు వేయలేదు, ఇటు దించలేదు.